చెరకు సిర్కాను పక్వపరచుట, తేర్చుట

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



చెరకు రసంతో ఇంట సిర్కా చేసినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యా, పులుపు బాగానే వచ్చింది గాని సరుకు మబ్బుగా ఉన్నది. తేటపరచే మందు ఏదైనా ఉంటే చెప్పండి" అంటారు. అటువంటి పదార్థం లేకపోలేదు. దాని పేరు, మోతాదు తప్పక చెబుతాను. కాని దానిని ఈ ప్రసంగంలో చివరకే ఉంచుతున్నాను. ఏలననగా దాని చోటు కూడ చివరనే. తేట అనేది సీసాలో పోసేముందు కొనితెచ్చుకొనే గుణం కాదు. గానుగ దగ్గర మొదలుకొని ఒక్కొక్క దశను పూర్తిగా ముగించి, దాని మడ్డిని దానితోనే వదలివేస్తూ వచ్చినవారికి మాత్రమే అది నిలుస్తుంది.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నేను దీనిని నష్టపడి నేర్చుకొన్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం మా ఇంటి పొలంలో గాలికి పడిపోయిన చెరకు కొంత ఉండెను. బెల్లానికి సరిపడదని దాని రసంతో 40 లీటర్ల సిర్కా పెట్టినాను. ఇంట్లో పెండ్లి దగ్గర పడింది. బంధువులకు పంచుదామనే తొందరలో, పులుపు తగలగానే సగం సరుకును బట్టలో వడగట్టి సీసాలకు పోసి పంపినాను. పది రోజులకు మా మేనత్త ఒక సీసాను తిప్పి పంపి, "ఏమిరా అబ్బాయీ, కుడితి సీసాకెత్తి పంపినావా?" అని అడిగింది. సీసా చూస్తే అడుగున మడ్డి, పైన తెట్టు, నడుమ మబ్బు. ఆమె అన్నదానిలో తప్పేమీ లేదు.

మా అత్త సరుకు తిప్పి పంపినందువల్ల నాకు పోయినది పరువే. పచ్చళ్ళ వ్యాపారి తిప్పి పంపితే మీకు సరుకు పోతుంది, గిరాకీ పోతుంది. అంగడిలో ఎసిటిక్ ఆమ్లాన్ని నీటిలో కలిపి చేసిన కృత్రిమ వినెగరు అద్దంలా కనబడుతుంది, చౌకగా దొరుకుతుంది. దాని ప్రక్కన మీ సిర్కా నిలబడవలెనంటే రుచి ఒక్కటే చాలదు. కొనేవాడు ముందు కంటితో చూస్తాడు.

మబ్బుకు కారణాలు

సిర్కా రెండు పులియుటల వల్ల తయారవుతుంది. మొదట ఈస్టు అనే సూక్ష్మజీవి రసంలోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. దీనికి గాలి అక్కరలేదు. తరువాత ఎసిటిక్ బాక్టీరియా ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. దీనికి గాలి తప్పనిసరి. రెండు పనులకు ఇద్దరు పనివారు. ఇద్దరి అవసరాలు వేరు. ఒకరి పని ముగియకముందే రెండవవారిని దింపితే ఇద్దరి పనీ చెడుతుంది.

సరుకు మబ్బుగా ఉన్నదంటే ఈ క్రింది వానిలో ఏదో ఒకటి అందులో తేలుతున్నదన్నమాట.

ఒకటి, రసంతో వచ్చిన పిప్పి నలుసు, మైనం, జిగురు, మాంసకృత్తులు. రెండు, పని ముగించిన ఈస్టు, బాక్టీరియా. మూడు, ఇనుము, రాగి వంటి లోహాలు. ఇనుము తగిలిన సిర్కా క్రమంగా బూడిద రంగుకు, నలుపుకు తిరుగుతుంది. నాలుగు, సిర్కాలో పుట్టే వెంట్రుకవంటి సన్నని పురుగులు. సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఇవి పైభాగంలో మెలికలు తిరుగుతూ కనబడతాయి. మనిషికి హాని చేయవు గాని, చూచినవాడు మళ్ళీ ఆ సరుకు కొనడు.

నాలుగు కారణాలకు ఒకే మందు పనిచేయదని మీకే తెలుస్తున్నది గదా!

రసం దగ్గరే మొదలు

బెల్లం వండేవారికి మొదటి కారణానికి విరుగుడు చెప్పనక్కరలేదు. రసం కాగుతుండగా బెండ జిగురు వేసి, పైకి వచ్చిన మురికి తెట్టును తీసివేస్తారు. సిర్కాకు కూడ అదే పని చేయవలెను. రసాన్ని గుడ్డతో వడగట్టి, స్టీలు పాత్రలో మరగనిచ్చి, తెట్టు తీసి, మూతవేసి చల్లార్చవలెను. ఇందువల్ల రసంలో ఉన్న అడవి సూక్ష్మజీవులు కూడ చాలవరకు చస్తాయి. పడిపోయిన చెరకు పనికివస్తుంది గాని, ఎర్రకుళ్ళు పట్టిన గడ, కోసి చాల రోజులు నిలువచేసి పుల్లబడిన గడ పనికిరావు.

రసం చిక్కదనం బ్రిక్సు హైడ్రోమీటరులో 12 ఉండేటట్లు మరగించి చల్లార్చిన నీరు కలపవలెను. 18 బ్రిక్సు ఉన్న రసమైతే రెండు పాళ్ళ రసానికి ఒక పాలు నీరు సరిపోతుంది. సరిగా గట్టిపడని బెల్లంతో చేసేవారు కిలో బెల్లానికి 6 లీటర్ల నీరు పోసి, మరగించి వడగట్టుకొనవచ్చును. రంగు కోసం హైడ్రోసు వేసిన బెల్లం మాత్రం వద్దు. అందులోని గంధకపు పదార్థం ఈస్టు పనికి అడ్డు వస్తుంది.

ద్రవం 30 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగిన తరువాత లీటరుకు 1 గ్రాము చొప్పున ఎండు ఈస్టును గోరువెచ్చని నీటిలో నానబెట్టి కలపవలెను. పాత్రకు బిగుతైన మూత పెట్టరాదు. లోపల పుట్టే వాయువుకు దారి ఉండవలెను. మూతకు సన్నని గొట్టం అమర్చి, దాని కొనను నీటి గ్లాసులో ముంచితే వాయువు బయటకు పోతుంది, గాలి లోనికి రాదు. బుడగలు ఆగి, హైడ్రోమీటరు కొలత దాదాపు సున్నకు దిగి, మూడు రోజులు వరుసగా మారకుండ ఉంటే మొదటి పని ముగిసిందని గుర్తు. బుడగలు తగ్గినంత మాత్రాన ముగిసిందనుకొనరాదు. చలిరాత్రులలో కూడ బుడగలు తగ్గుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ దశలో మీ పాత్రలో ఉన్నది ఆల్కహాలు. మద్యం తయారీకి చట్టప్రకారం అనుమతి కావలెను గనుక, సిర్కా కోసమే చేస్తున్నప్పటికీ ముందుగా మీ ప్రాంతపు ఎక్సైజు కార్యాలయంలో విచారించుకొని మొదలుపెట్టవలెను. ఆ తరువాత దీనిని ఈ దశలోనే నిలువ ఉంచరాదు.

మడ్డి నుండి వేరుచేయుట

మొదటి పని ముగిసిన తరువాత పాత్రను రెండు మూడు రోజులు కదపకుండ ఉంచితే ఈస్టు అడుగున పేరుకొంటుంది. అప్పుడు పైతేటను గొట్టంతో వేరొక పాత్రలోనికి దింపవలెను. గొట్టాన్ని ముందు శుభ్రమైన నీటితో నింపి, ఒక కొనను తేటలో ఉంచి, రెండవ కొనను క్రింది పాత్రలోనికి వదలితే తేట తనంతట దిగుతుంది. గొట్టం కొన మడ్డికి నాలుగు వ్రేళ్ళ ఎత్తున ఉండవలెను. చివరి అర లీటరుకు ఆశపడి పాత్రను వంచినవాడు మొత్తం సరుకును మళ్ళీ మబ్బు చేసుకొంటాడు.

మడ్డి అడుగున పడి ఉంటే నష్టమేమిటని అడుగుతారు. చచ్చిన ఈస్టు కణాలు కరిగి చెడువాసన ఇస్తాయి. కరిగిన పదార్థం ఇతర సూక్ష్మజీవులకు మేత అవుతుంది. నేడు వదలిన మడ్డి రేపటి మబ్బుకు ఎరువన్నమాట.

ఈ సంగతిని యూరపులోని బీరు తయారీదారులు చాలకాలం క్రిందటనే అనుభవంతో గ్రహించారు. వేసవి వేడిమిలో బీరు చెడిపోతున్నదని బవేరియా ప్రభువు 1553లో ఏప్రిల్ చివరి నుండి సెప్టెంబరు చివరి వరకు బీరు కాచరాదని శాసించాడు. చలికాలంలో చేసిన దానిని కొండ సొరంగాలలోను, మంచు పేర్చిన నేలకొట్లలోను నెలల తరబడి నిలువచేసేవారు. జర్మను భాషలో "లాగర్" అంటే నిలువచేసే చోటు. ఆ బీరుకు ఆ పేరే వచ్చింది. ఆ చల్లదనంలో ఈస్టు అడుగుకు దిగుతుంది, మాంసకృత్తులు గుమిగూడి పేరుకొంటాయి, పచ్చివాసన పోతుంది. ఇంట లాగర్ చేసుకొనేవారు కూడ నేటికీ మొదటి పులియుట ముగిసిన తరువాత దానిని మడ్డి నుండి వేరుచేసి, సున్న డిగ్రీలకు దగ్గరగా కొన్ని వారాలు ఉంచుతారు. చేప తిత్తి నుండి తీసిన జిగురు, జెలటిన్ వంటి తేర్చే పదార్థాలు వాడినా, ఆ నిలువకు అవి సహాయమే గాని బదులు కావు. మనకు ఆ మంచు లేదు. అయితే సిర్కాకు దాని పులుపే రక్షణ గనుక, అక్కడ చలి చేసే పనిని ఇక్కడ మనం కాలానికి అప్పగించవచ్చును.

పులుపు ఎక్కించుట

వేరుచేసిన తేటకు దానిలో మూడవ వంతు నుండి నాలుగవ వంతు వరకు, వేడిచేయని పాత సిర్కా కలపవలెను. అంగడిలోని కృత్రిమ వినెగరులో జీవమున్న బాక్టీరియా ఉండదు గనుక అది తోడుకు పనికిరాదు. పెరుగు తోడు మంచిదైతేనే పెరుగు మంచిదవుతుంది. సిర్కాకు కూడ అంతే. మబ్బుగా, పురుగు పట్టి ఉన్న పాత సిర్కాను తోడువేసినవారు ఆ జబ్బును కూడ తోడువేసినట్లే.

ఈ దశలో పాత్ర వెడల్పుగా ఉండి, మూడు వంతులకు మించి నిండరాదు. మూతికి పలుచని గుడ్డ కట్టవలెను. గాలి ఆడవలెను, ఈగ వాలరాదు. 28 నుండి 32 డిగ్రీల వేడి అనుకూలం. 40 డిగ్రీలకు చేరితే బాక్టీరియా కుంగిపోతుంది. అందుచేత జనవరిలోనే మొదలుపెట్టి మే నెల ఎండలకు ముందే ఈ పని ముగించుకొనుట మంచిది. ఆలస్యమైనవారు పాత్రను నీడలో ఉంచి చుట్టూ తడిగోనె కట్టవలెను. పైన ఏర్పడే పొరను కదపరాదు.

ఆరు నుండి పన్నెండు వారాలలో పులుపు పూర్తి అవుతుంది. దీనిని నాలుకతో నిర్ణయించరాదు. 10 మిల్లీలీటర్ల సిర్కాకు ఫినాల్ఫ్తలీన్ చుక్కలు వేసి, అర నార్మల్ సోడియం హైడ్రాక్సైడు ద్రావణం పోస్తూ, లేత గులాబి రంగు నిలిచేవరకు ఎన్ని మిల్లీలీటర్లు పట్టెనో చూచి దానిని 0.3తో హెచ్చించితే ఆమ్లం శాతం వస్తుంది. 12.5 మిల్లీలీటర్లు పడితే 3.75 శాతం. పులియబెట్టి చేసిన వినెగరుకు మన ఆహార ప్రమాణాల ప్రకారం ఉండవలసిన కనీసం అదే. తగ్గితే ఎసిటిక్ ఆమ్లం కొని కలిపి సరిపెట్టుటకు చట్టం ఒప్పదు. పరీక్షను స్వయంగా చేసికొనలేనివారు దగ్గరి వ్యవసాయ కళాశాలలోగాని, కృషి విజ్ఞాన కేంద్రంలోగాని అడగవచ్చును. వారం రోజుల ఎడంతో రెండు పరీక్షలు చేసినపుడు ఆమ్లం పెరగకపోతే, సారాయి వాసన కూడ తగ్గిపోతే, రెండవ పని ముగిసినట్లు.

పక్వపరచుట

ఇప్పుడే చాలమంది పొరబడతారు. పులుపు వచ్చింది గదా అని పాత్రను అదే గుడ్డమూతతో మూలన వదలివేస్తారు. ఆల్కహాలు అయిపోయిన తరువాత కూడ గాలి తగులుతుంటే, కొన్ని రకాల బాక్టీరియా ఆమ్లాన్నే తినివేసి నీరుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చివేస్తుంది. మూడు నెలల కష్టం చప్పబడిపోతుంది. నిన్నటివరకు ప్రాణమైన గాలి నేటినుండి శత్రువని గుర్తుంచుకొనవలెను.

అందుచేత మళ్ళీ గొట్టంతో తేటను దింపి, మడ్డిని, పొరను వదలివేసి, గాజు బుడ్లలోగాని, ఆహారానికి తగిన ప్లాస్టిక్ డబ్బాలలోగాని మెడ వరకు నిండుగా పోసి, గట్టి బిరడా వేయవలెను. ఇనుము, రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు వద్దు. డబ్బా ప్లాస్టిక్‌దైనా కుళాయిలో ఒక ఇనుప మర ఉంటే చాలు, సరుకు నల్లబడుతుంది. పాతకాలపు జాడీల మెరుగుపూతలో సీసం ఉండవచ్చును గనుక వానిని కూడ వాడకుండుట మంచిది.

చీకటిగా, చల్లగా ఉన్న చోట మూడు నాలుగు నెలలు కదపకుండ ఉంచవలెను. ఈ కాలంలో ఘాటు మెత్తబడుతుంది, మంచి వాసన పుడుతుంది, తేలుతున్నవి క్రిందికి దిగుతాయి. నెలన్నరకొకసారి తేటను వేరొక బుడ్డిలోనికి మార్చితే చాలు. చాలవరకు సరుకు ఇంతటితోనే తేటపడుతుంది.

తేర్చుట

అప్పటికీ కొంచెం మబ్బు మిగిలితే తేర్చే పదార్థం వాడవచ్చును. మనకు అనుకూలమైనది బెంటోనైట్ అనే బంకమట్టి. మోటార్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు ఎర్తింగ్ గుంటలలో పోసేది, బోరు త్రవ్వేటప్పుడు వాడేది కూడ బెంటోనైటే. కాని ఆ సరుకు తినే వస్తువులలో వేయరాదు. ఆహార పదార్థాలకు తగినదని గుర్తించి అమ్మే దానినే కొనవలెను.

50 గ్రాముల పొడిని కొంచెం కొంచెంగా వేడినీటిలో చల్లి కలుపుతూ, మొత్తం ఒక లీటరు చేసి, ఒక రోజు నానబెట్టవలెను. మొత్తం సరుకులో వేయుటకు ముందు నాలుగు లీటరు సీసాలలో సిర్కా తీసుకొని, మొదటిది ఊరకనే ఉంచి, మిగిలిన మూడింటిలో వరుసగా 10, 20, 30 మిల్లీలీటర్ల జావను కలపండి. అనగా లీటరుకు అర గ్రాము, ఒక గ్రాము, ఒకటిన్నర గ్రాముల మట్టి పడినట్లు. వారం తరువాత చూచి, తేటపరచిన వానిలో అన్నిటికన్న తక్కువ మోతాదునే మొత్తానికి వాడండి. ఎక్కువ వేస్తే రంగు, వాసన కూడ మట్టితో దిగిపోతాయి. వారం ఆగి గొట్టంతో తేటను దింపి, దట్టమైన గుడ్డలో వడగట్టవలెను. గ్రుడ్డు తెల్లసొన కూడ ఈ పని చేస్తుంది గాని, శాకాహారులు కొనే సరుకులో దానిని వాడుట తగదు.

నా మొదటి సిర్కాలో పంచగా మిగిలిన సగాన్ని రెండు భాగాలు చేసినానని చెప్పలేదు గదూ! ఒక భాగంలో తొందరపడి లీటరుకు మూడు గ్రాముల బెంటోనైట్ వేసినాను. వారంలో అద్దంలా తేటపడింది. సంతోషించి సీసాలకు పోసినాను. నెల తిరగకముందే మళ్ళీ మబ్బు పట్టింది. ఏలననగా అందులో ఆల్కహాలు ఇంకా మిగిలి ఉన్నది, బాక్టీరియా ఇంకా పని చేస్తూనే ఉన్నది. మట్టి ఆనాటి మబ్బును దించినది గాని, మబ్బు పుట్టించే కారణాన్ని తీసివేయలేదు. రెండవ భాగాన్ని పులుపు పూర్తికానిచ్చి, మడ్డి తీసి, నిండుగా మూసి నాలుగు నెలలు ఉంచినాను. దానికి అర గ్రాము సరిపోయింది. ఆ తేట మళ్ళీ చెదరలేదు.

చివరి పని

తేరిన సిర్కాను శుభ్రమైన సీసాలలో పోసి, మూతలు వదులుగా పెట్టి, నీటిపాత్రలో నిలిపి, సీసాలోని సిర్కా 65 డిగ్రీలకు చేరిన తరువాత అరగంటసేపు ఆ వేడిలో ఉంచి, వెంటనే మూతలు బిగించవలెను. మరగనీయరాదు. దీనివల్ల మిగిలిన బాక్టీరియా, పురుగులు చస్తాయి. సీసాలో మళ్ళీ పొర కట్టదు. వచ్చే సంవత్సరపు తోడుకు మాత్రం రెండు లీటర్లు వేడిచేయకుండ ప్రక్కన ఉంచుకొనండి. అమ్మదలచినవారు ఆహార భద్రతా శాఖ వద్ద నమోదు చేయించుకొని, సీసాపై పులియబెట్టి చేసినదని వ్రాయవలెను. కృత్రిమ వినెగరు చేసేవారు అది కృత్రిమమని చీటీపై చెప్పితీరవలెనని నియమమున్నది. ఆ తేడాను మీ గిరాకీదారులకు చూపించండి.

ఒక్క సలహా చెప్పి ముగిస్తాను. మొదటి ఏడు 20 లీటర్లకు మించి పెట్టవద్దు. ఒక చిన్న పుస్తకంలో ఏ రోజు ఏ పని ముగిసినది, ఏ రోజు మడ్డి తీసినది వ్రాసిపెట్టుకొనండి. మబ్బు వచ్చిన నాడు మందు కోసం పరుగెత్తక, ముందు ఆ పుస్తకం తెరిచి ఏ పని సగంలో విడిచినామో చూడండి. సాధారణంగా జవాబు అక్కడే ఉంటుంది.

మా అత్తకు మరుసటి సంవత్సరం రెండవ భాగంలోని ఒక సీసా పంపినాను. ఆమె దానిని తిప్పి పంపలేదు. ఖాళీ సీసా పంపి, నింపి పంపమన్నది.